మేమొచ్చే డొంక

సెలవులకు వచ్చినవాళ్ళు పొద్దెక్కేదాకా పడుకోవడం లోకధర్మం. యశస్విని ఆ ధర్మం తప్పింది. ఐదింటికే లేచి మంచం చివర కూచుని బూట్ల తాళ్ళు బిగించుకుంటుంటే, ఆమె భర్త నరేంద్ర దుప్పటి ముసుగులోంచి, "దొంగలు కూడా ఈపాటికి పని ముగించుకుని పడుకునుంటారే" అని గొణిగి అటు తిరిగాడు.

నరేంద్ర కంపెనీవాళ్ళు ఇచ్చిన ఐదు రోజుల కూపన్ అది. జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్ళే రోడ్డు పక్కన, కృష్ణ ఒడ్డుకు ఆనుకుని కొత్తగా లేచిన రిసార్టు. ఆ ఐదు రోజులూ కడుపునిండా నిద్రపోవాలని అతని కోరిక. ఆమెకేమో మూడు వారాల్లో బెజవాడలో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు ఉంది. బ్యాంకులో కుర్చీకి అతుక్కుపోయిన మనిషి ముప్పై ఏడో ఏట మొదలుపెట్టిన పరుగు. ఇప్పుడు ఐదు రోజులు మానేస్తే కాళ్ళు మళ్ళీ మొదటికొస్తాయని ఆమె భయం. అలా భయపడేవాళ్ళకు సెలవులు ఉండవు.

రిసార్టు లోపల రంగురాళ్ళు పరిచిన బాట ఒకటి గుండ్రంగా తిరుగుతుంది. ఫోన్లో చూసుకుంటే చుట్టు నాలుగు వందల మీటర్లు. మూడో చుట్టుకి తోటమాలి నీళ్ళ పైపు అడ్డం వచ్చింది. ఆరో చుట్టుకి ఈతకొలను దగ్గర తడి బండల మీద కాలు జారబోయింది. పదో చుట్టుకి తాను గానుగెద్దుకు ఏమాత్రం తీసిపోనని యశస్వినికి తెలిసొచ్చింది. రాళ్ళ మీద పరుగుకి ఎడమ మోకాలు సన్నగా సలపడం మొదలుపెట్టింది కూడా.

ముందు గేటు దాటి రోడ్డెక్కి చూసింది. ఒకదాని వెనక ఒకటి సిమెంటు లారీలు. రోడ్డు అంచున మట్టి ఉండాల్సినచోట బూడిదరంగు పిండి. మూడో లారీ హారన్ కొట్టేసరికి ఆమె సర్కారుతుమ్మ పొదలోకి దూకింది, ఐదో లారీకి వెనక్కి తిరిగింది. గదికొచ్చి మోకాలి మీద ఐసుముక్కలు పెట్టుకుని, ఐదు రోజులూ దండగేనని దిగులుపడుతూ కూచుంది.

ఎనిమిది దాటాక గది శుభ్రం చేయడానికి పుష్పవతి వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. రిసార్టు ఇచ్చిన నీలం చీరని మోకాళ్ళకు కాస్త కిందగా ఎత్తి దోపుకుని, చేతిలో ఉతికిన దుప్పట్ల కట్టతో నిలబడి, "మంచం మీద పరచాలమ్మా, కాస్త లేస్తారా" అంది.

లేస్తూ యశస్విని అడిగింది. "ఏమ్మా, ఇక్కడ పరిగెత్తడానికి మంచి దారేమన్నా ఉందా? లారీల్లేకుండా?"

"పరిగెత్తటానికా?" పుష్పవతి దుప్పటి విసిరి పరుస్తూ ఆగింది. "ఎవరు తరుముతున్నారమ్మా?"

యశస్వినికి నవ్వొచ్చింది. పందెం సంగతి, మోకాలి సంగతి చెప్పింది. పుష్పవతి నవ్వలేదు. మోకాలు అన్న మాటకి మాత్రం తలూపింది. మోకాలి నొప్పి ఎలాంటిదో ఎవరూ ఆమెకి చెప్పక్కర్లేదు.

"మెత్తటి మట్టి కావాలంటే మేమొచ్చే డొంకుంది" అంది. అప్పుడే పరిచిన తెల్లదుప్పటి మీద చూపుడువేలితో గీసి చూపించింది. "ఇదిగో, ఈ దిండు మన వెనక గేటనుకోండి. గేటు దాటంగానే మోటారు షెడ్డు. దాని పక్కనించి ఇట్టా వంపు తిరుగుద్ది. రెండు పక్కలా మిరప తోటలే. ఇక్కడ వాగుమీద తూము. తూము దాటితే ఇదిగో, మా గట్టుపాలెం. ఇరవై నిమిషాల నడక. ఎడ్లబండ్లు తిరిగిన దారమ్మా, రాయనేది తగలదు."

వేలి వెంట దుప్పటి మీద ఒక ముడత దారి ఏర్పడింది. యశస్విని ముందుకు వంగి దాన్ని శ్రద్ధగా చూసింది. అంతా చెప్పాక పుష్పవతి అరచేత్తో ఆ ముడతని సాఫు చేసి, దుప్పటి అంచులు పరుపు కిందకు మడిచి, బాత్రూం కడగడానికి వెళ్ళింది.

మంగళవారం పొద్దున యశస్విని వెనక గేటు దాటి ఆ డొంకలో అడుగుపెట్టింది. పుష్పవతి చెప్పినదాంట్లో వీసమెత్తు అబద్ధం లేదు. మంచుకి తడిసి మెత్తబడ్డ ఎర్రమట్టి. బండిచక్రాలు చేసిన రెండు చాళ్ళ మధ్య గడ్డి మొలిచిన గట్టు. రెండువైపులా పండుబారిన మిరప. ఎక్కడో కల్లంలో ఎండబోసిన కాయల ఘాటుకి రెండుసార్లు తుమ్మింది. అంతే, అదొక్కటే ఇబ్బంది. మోకాలు ఒక్క మాట కూడా అనలేదు.

తూము దగ్గర ఎదురుగా పదకొండు మంది ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వరసగా వస్తున్నారు. చేతుల్లో టిఫిన్ డబ్బాలు, నీలం చీరలు. ముందు పుష్పవతి. ఆమె వెనకనున్న వాళ్ళలో ఎవరో, "అమ్మో, బస్సొస్తంది, జరగండే" అనడంతో అందరూ పకపకా నవ్వుతూ మిరప చాళ్ళలోకి దిగి దారిచ్చారు. యశస్విని కూడా నవ్వి చెయ్యి ఊపింది. అయితే ఆగాల్సి వచ్చింది. ఫోన్లో వేగం తగ్గింది. ఆ వెనకే రెండు గేదెలు. మళ్ళీ ఆగాల్సి వచ్చింది.

గదికి వచ్చి స్నానం చేసి, కాఫీ తాగుతూ పరిగెత్తేవాళ్ళ యాప్‌లో ఆ దారి పటం పెట్టింది. బెజవాడ రన్నర్ల గుంపులో మూడు వందల మంది దాకా ఉంటారు. ఊరికి పోయినవాళ్ళు కొత్త దారి కనిపెడితే పటంతో పాటు నాలుగు ముక్కలు రాయడం వాళ్ళ ఆనవాయితీ. ఆమె కూడా రిసార్టు పేరు తగిలించి రాసింది. "మిరప తోటల మధ్య అద్భుతమైన మట్టిదారి. పోనురాను మూడు కిలోమీటర్లు. మోకాళ్ళకు స్వర్గం. ఒక్కటే లోపం, ఉదయం ఆరింటప్పుడు జనం, గేదెలు అడ్డం వస్తారు. ఆగి ఆగి వెళ్ళాలి." ఫొటో పెట్టి, నరేంద్రని టిఫిన్‌కి లేపడానికి వెళ్ళింది. సాయంత్రానికి డెబ్భై మంది మెచ్చుకున్నారు. ఇద్దరు వచ్చే వారానికే గదులు కావాలన్నారు.

ఆ సాయంత్రమే మేనేజరు కిషోర్‌బాబు బొండాం నీళ్ళు పట్టించుకుని స్వయంగా వాళ్ళ గదికి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. "మేడం, మీరు మాకెంత మేలు చేశారో మీకు తెలీదు. మా ఓనరుగారు హైదరాబాద్ నించి ఫోన్ చేశారు. రేపటికల్లా చూడండి మీ దారిని ఎట్టా చేస్తామో!" అన్నాడు. తన దారి అన్న మాట యశస్వినికి తియ్యగా తగిలింది. ఆ తీపి అబద్ధమని అప్పుడు తట్టలేదు.

బుధవారం పొద్దున వెనక గేటు మీద కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. పరుగెత్తే బొమ్మ, పైన 'రన్నర్స్ ట్రెయిల్' అని పెద్దక్షరాలు. దారి పొడుగునా చిన్న చిన్న జెండాలు పాతారు. గట్టుపాలెం చివర, ఎర్రా తెలుపూ రంగులేసిన ఇనపగొట్టం ఒకటి దారికి అడ్డంగా దించి ఉంది. పక్కన కుర్చీ వేసుకుని గేటు కాపలా చూసే సొలొమోను కూచున్నాడు. ఆమెని చూసి లేచి సెల్యూట్ కొట్టి, "అంతా క్లియరండి మేడం" అన్నాడు.

క్లియరే. ఈ చివర నుంచి ఆ చివరికి పిట్ట తప్ప ప్రాణి లేదు. యశస్విని మూడు సార్లు పోయి మూడు సార్లు వచ్చింది. తొమ్మిది కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా, ఈ ఏడాదిలో ఎప్పుడూ లేనంత వేగంగా పరిగెత్తింది. గదికొచ్చి నరేంద్రని లేపి మరీ ఆ అంకెలు చూపించింది. అతను ఒంటికన్ను తెరిచి చూసి, "బాగుంది. తువ్వాళ్ళేవీ?" అన్నాడు.

తువ్వాళ్ళు రాలేదు. తొమ్మిదైనా గది ఊడ్చేవాళ్ళు రాలేదు. నరేంద్ర సణుగుడు పడలేక, ఆమె రిసెప్షన్‌కి మెసేజ్ పెట్టింది, 'రూము ఇంకా క్లీన్ చేయలేదు' అని. తొమ్మిదిన్నరకి పుష్పవతి వచ్చింది. పాదాలు చీలమండల దాకా బూడిదరంగు పిండి కొట్టుకుని ఉన్నాయి. గుమ్మం బయటే చెప్పులు విడిచి, ఆ పాదాలని కాలిపట్టాకి రెండుసార్లు రుద్ది లోపలికి వచ్చింది. "లేటయిందమ్మా, ఏమీ అనుకోకండి" అని, ఇంకో మాట లేకుండా గబగబా పనిలో పడింది. దుప్పటి పరిచే చేతుల్లో ముందటిరోజుల తీరిక లేదు. యశస్విని గమనించింది గానీ, ఏ ఇంట్లో ఏ గొడవో, మనకెందుకని అడగలేదు.

గురువారం తూము దాటేసరికే గొంతులు వినిపించాయి. ఇనపగొట్టానికి అవతల నీలం చీరలు గుంపుగా ఉన్నాయి. ఇవతల సొలొమోను రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు.

"నన్నేం చెయ్యమంటావు పుష్పమ్మా? ఎనిమిదిదాకా ఎత్తొద్దన్నారు. ఎత్తితే నా కుర్చీ ఎత్తేస్తారు."

"ట్రాక్టర్లకి ఎత్తుతున్నావుగా?"

"అయ్యి ఎనిమిది తర్వాతొస్తాయి. ఆరింటికొచ్చేది మీరేగా!"

"మేము ఎనిమిదింటికొస్తే పనెవరు చేస్తారయ్యా, నువ్వు చేస్తావా?" వెనక నుంచి ఎవరో అన్నారు గానీ ఈసారి ఎవరూ నవ్వలేదు.

పుష్పవతి యశస్వినిని చూసింది. కోపంగా చూసినా బాగుండేది. దారికి అడ్డం నిలబడ్డ మనిషి పక్కకు జరిగినట్టుగా కొంచెం జరిగి, మిగతావాళ్ళతో, "పదండే, మాటలతో పొద్దు పోద్ది" అని వెనక్కి తిరిగింది. పదకొండు మందీ ఊళ్ళోకి, ఊళ్ళోంచి పెద్దరోడ్డు వైపుకి నడిచారు.

"వీళ్ళెటు వెళ్తున్నారు?" అని అడిగింది యశస్విని.

"ఎటేముందండీ, రోడ్డు మీదనించే. ఐదు కిలోమీటర్లు. ముందు గేట్లోంచి పనోళ్ళని రానియ్యరుగా, గోడ చుట్టూ తిరిగి మళ్ళీ వెనక గేటుకే రావాల." సొలొమోను గొంతు తగ్గించాడు. "ఆరున్నరకల్లా హాజరు మిషన్లో మొహం చూపించాల మేడం. నిన్న అందరికీ లేటు పడింది. ఇయ్యాల రెండోది. మూడోది పడితే రేపట్నుంచి రావద్దంటారు. పేట నించి వ్యాన్లో మనుషుల్ని పంపుతానని కాంట్రాక్టరు ఎప్పట్నించో కాచుకూచున్నాడు."

"ఓ గంట ముందు బయల్దేరచ్చుగా?"

సొలొమోను ఆమె మొహంలోకి జాలిగా చూశాడు. "ఐదున్నరకి గాని పాలకేంద్రం తియ్యరండి. పాలు పొయ్యకుండా ఎట్టా వస్తారు?"

ఆ రోజు పరుగు అక్కడే ఆగిపోయింది. యశస్విని తిన్నగా కిషోర్‌బాబు గదికి వెళ్ళింది. చెమట బట్టలతోనే కుర్చీలో కూచుని, ఆ గొట్టం తీయించెయ్యమంది. ఆడవాళ్ళు నడిస్తే తనకేమీ ఇబ్బంది లేదని చెప్పింది.

కిషోర్‌బాబు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అదేంటి మేడం! మీరు రాస్తేనే కదా పెట్టించాం?" అంటూ ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. జనం, గేదెలు అడ్డం వస్తారు. ఆగి ఆగి వెళ్ళాలి. ఆ ముక్క కింద ఓనరుగారు ఎర్రగీత గీసి పంపించాడు. "రైతులందరితో మాట్లాడే చేశా. ఆరు నించి ఎనిమిది దాకానే. ఎవరికీ ఇబ్బంది లేదు."

ఆ 'ఎవరికీ'లో పదకొండు మంది లేరు. యశస్విని ఆ ముక్క మళ్ళీ చదివింది. జనమూ గేదెలూ ఒక్క గాటన కట్టిన ఆ వాక్యం తనదే. కాఫీ తాగుతూ రాసింది. రాసి మర్చిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఇంకోటి," కిషోర్‌బాబు మర్యాదగానే అన్నాడు, "నిన్న రూము లేటయిందని కంప్లయింటు కూడా మీదే మేడం. గెస్టు కంప్లయింటు చేశాక లేటు వెయ్యకుండా ఎట్టా వదిలేస్తాం? మీరు రేపెళ్ళిపోతారు. మాకు ఈ సీజన్లో ఇరవై బుకింగులొచ్చాయి మీ దారి చూసి. ఇట్టాంటివి మీ మనసులో పెట్టుకోకండి."

యాప్ తెరిచి తాను రాసింది చెరిపేసింది యశస్విని. చెరిపితే ఏముంది, అప్పటికి ఆ పటాన్ని నూటపాతిక మంది తమ ఫోన్లలో దాచుకున్నారు. చేతిలోంచి జారిన రాయి నా రాయి కాదంటే ఆగుతుందా?

పుష్పవతి వచ్చినప్పుడు లేచి నిలబడింది. "పుష్పవతి గారూ, అదంతా నా వల్లే. నేనే రాశాను, జనం అడ్డొస్తున్నారని" అని గడగడా చెప్పేసింది.

పుష్పవతి దిండు గలీబు మారుస్తూ వింది. "తెలుసమ్మా. సొలొమోను చూపిచ్చాడు ఫోన్లో." దిండుని రెండు దెబ్బలు కొట్టి సర్దింది. "దారి చూపిచ్చింది నేనేగా. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత. మావాళ్ళు కూడా అదే అంటన్నారు, నీ నోరే పాపం చేసిందని." గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నట్టయితే యశస్విని ఇంకాస్త సుఖంగా ఊపిరి పీల్చుకునేది.

మధ్యాహ్నం నరేంద్రని బతిమాలి కారు తీయించి గట్టుపాలెం సచివాలయానికి వెళ్ళింది. అక్కడ సర్వేయరు దిలీప్ అన్నం డబ్బా కడుక్కుంటున్నాడు. పాతికేళ్ళ కుర్రవాడు, మాటలో పెద్దరికం. సంగతంతా విని, చేతులు తుడుచుకుని గ్రామపటం బల్ల మీద పరిచాడు. పుష్పవతి దుప్పటి మీద గీసిన వంపే కాగితం మీదా ఉంది. మోటారు షెడ్డు మాత్రం లేదు.

"పొలంగట్టయితే ఎవరిదో సర్వే నంబర్లో ఉంటుంది మేడం. ఇది చూడండి, విడిగా డొంక అని రాసుంది. గవర్నమెంటుది. అడ్డంగా పుల్ల కూడా పెట్టటానికి లేదు, పొద్దున ఆరింటికైనా, రాత్రి పన్నెండింటికైనా."

"మరి తీయించండి."

"నోటిమాట మీద తీయిస్తే వాళ్ళు నన్ను తీయిస్తారు." దిలీప్ నవ్వాడు. "అర్జీ ఇవ్వండి. నంబరు పడితే నేను కొలతకి రాక తప్పదు. గొట్టం తియ్యక వాళ్ళకీ తప్పదు. ఊళ్ళోవాళ్ళెవరూ ఇంతవరకు ఇవ్వలేదు."

"నేనివ్వొచ్చా? నాది ఈ ఊరు కాదు."

అతను ఆమె బూట్ల వంక చూశాడు. "దారి వాడినవాళ్ళు ఎవరైనా ఇవ్వచ్చు."

కారులో నరేంద్ర సెలవులు పాడయ్యాయని విసుక్కుంటాడనుకుంది. రిసార్టు గేటు దగ్గర బండి ఆపి, "అర్జీలో ఆడవాళ్ళ పేర్లు రాయమాకు. మనం పోయాక వాళ్ళ మీద పడతారు" అన్నాడు. ఆమె కూడా అదే అనుకుంటోంది.

శుక్రవారం ఆఖరిరోజు. పొద్దున్నే చీకట్లో ముందు గేటు నుంచి బయల్దేరి, రోడ్డు మీదుగా పరిగెత్తుకుంటూ గట్టుపాలెం చేరింది. పాలకేంద్రం దగ్గర పుష్పవతి ఖాళీ క్యాను కడుగుతోంది.

"ఏందమ్మా, ఇట్టా వచ్చారు?"

"మీతో నడుద్దామని."

పుష్పవతి ఆమెని ఎగాదిగా చూసి క్యాను ఇంట్లో పడేసి వచ్చింది. పదకొండు మందీ కొంగులు ముక్కుల మీదకు లాక్కుని వరసగా రోడ్డు అంచు పట్టుకున్నారు. యశస్విని పరుగుల మనిషే గానీ, ఆ నడకని అందుకోవడానికి ఆమె మధ్యమధ్య పరిగెత్తాల్సి వచ్చింది. అది ఊసుపోని నడక కాదు. గడియారం వెంటపడి తరిమే నడక. మాటల్లేవు. లారీ వచ్చినప్పుడల్లా ముందున్న మనిషి 'బండీ' అని కేకేస్తుంది, అందరూ ఒక్కసారే పక్కకి ఒరుగుతారు. ఒక మలుపులో యశస్విని ఆ కేక వినిపించుకోలేదు. పుష్పవతి ఆమె మోచెయ్యి పట్టి సర్కారుతుమ్మలోకి గుంజింది. లారీ గాలికి కళ్ళనిండా పిండి పడింది. చేతిమీద ముల్లు గీరుకుని రక్తం చిమ్మింది. "కొంగు లేకపాయె మీకు" అంటూ పుష్పవతి తన కొంగుతో తుడిచి, మళ్ళీ నడకలో పడింది.

గోడ చుట్టూ తిరిగి వెనక గేటు చేరేసరికి ఆరూ నలభై ఎనిమిది. మిషన్ పక్కన కిషోర్‌బాబు నిలబడి ఉన్నాడు. బూడిద కొట్టుకున్న నీలం చీరల మధ్య, బూడిద కొట్టుకున్న గెస్టుని చూసి గతుక్కుమన్నాడు.

"మేడం, మీరా?"

"నేనూ వీళ్ళతోనే వచ్చాను. నాకూ లేటేనా?"

కిషోర్‌బాబు తెలివైనవాడు. ఒక్క క్షణంలో నవ్వేశాడు. "మీరింత శ్రమపడ్డాక లేటు వేస్తామా? సరే, ఇవాళ్టికి అందరికీ మాఫీ. ఏయ్, మేడం గారికి థాంక్స్ చెప్పండి." ఆడవాళ్ళు చెప్పారు. పుష్పవతి కూడా చెప్పింది. యశస్వినికి ప్రాణం లేచొచ్చింది. ఏదో సాధించినట్టే అనిపించింది గదిదాకా నడిచేటప్పుడు.

పదింటికి పెట్టెలు సర్దుతుంటే పుష్పవతి వచ్చింది. నరేంద్ర బిల్లు సరిచూసుకోవడానికి కిందకి వెళ్ళాడు. యశస్విని నవ్వుతూ, "ఇవాళ గండం గడిచింది కదా!" అంది.

"గడిచిందమ్మా." పుష్పవతి వాడిన దుప్పటి లాగి ఉండగా చుట్టింది. "మీ మొహం చూసి ఇయ్యాల ఊరుకున్నాడు. రేపు ఎవరి మొహం చూసి ఊరుకుంటాడు?"

ఆ మాటతో యశస్విని నవ్వు ఆరిపోయింది. మాఫీ చేశాడంటే తప్పు వాళ్ళదేనని ఖాయం చేసినట్టు. ఆ తప్పుకి వాళ్ళ చేత థాంక్సులు కూడా చెప్పించాడు. అదేమీ అర్థం కాకుండా తాను గదిదాకా గొప్పగా నడిచొచ్చింది.

బల్ల మీది కాగితం తీసి పుష్పవతి చేతికిచ్చింది. రాత్రి రాసిన అర్జీ. "సర్వేయరుతో మాట్లాడాను. ఆ డొంక గవర్నమెంటుదట. మూయడానికి వీల్లేదు. వెళ్తూ వెళ్తూ ఇది ఇచ్చి వెళ్తాను."

పుష్పవతి తడిచేతులు చీరకి తుడుచుకుని, కాగితాన్ని కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి పెదాలు కదుపుతూ చదివింది. చాలాసేపు పట్టింది. 'ఈ దారి మూతపడటానికి ఆలోచన లేకుండా నేను రాసిన మాటే కారణం' అన్నచోట ఆగి, యశస్విని వైపు ఒకసారి చూసి, మళ్ళీ చదివింది. చివరిదాకా వచ్చి కాగితం తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"ఇందులో నా పేరేదమ్మా?"

"కావాలనే రాయలేదు. మీ పేరుంటే పనిలోంచి తీసేస్తారని..."

"మీ పేరొక్కటే ఉంటే?" పుష్పవతి గొంతు పెంచలేదు. "మీరు సాయంత్రానికి బెజవాడలో ఉంటారు. సర్వేయరు టేపు పట్టుకొచ్చి, ఈ యశస్విని గారెవరు, ఏ దారిలో నడుస్తదని అడిగితే మేమేం చెప్పాల? ఎవరో టూరిస్టమ్మ రాసిపోయిందంట అని ఆ కాయితం కిషోర్‌బాబు జేబులోకి పోద్ది. దారి పోయింది మాకైతే, అడిగేది మీరేంది?"

యశస్వినికి ఈ మాటకి చెంప చెళ్ళుమనాలి. కానీ అంతకంటే ఎక్కువగా, ఎవరో తన భుజం మీది బరువు దించినట్టయింది.

"పని పోతే?" అంది మెల్లగా.

"ఇట్టా ఉంటే మాత్రం ఎన్నాళ్ళుంటది? రేపో ఎల్లుండో మూడో లేటు వేస్తాడు. ఆ రోడ్డు మీద ఎవత్తన్నా లారీ కింద పడితే ఆ పని చేసిపెట్టేదెవరు?" పుష్పవతి చెయ్యి చాచింది. "పెన్నియ్యండి."

అర్జీ కింద యశస్విని సంతకం ఉంది. దాని కింద చారెడు జాగా ఉంది. పుష్పవతి అక్కడ పెట్టలేదు. కాగితాన్ని బల్ల మీద పరిచి, ఎడమచేత్తో గట్టిగా అదిమిపట్టి, యశస్విని సంతకానికి పైన, రాతకీ సంతకానికీ మధ్య ఉన్న ఇరుకులో, ఒక్కో అక్షరమూ విడివిడిగా తన పేరు రాసింది. ఇంటిపేరుతో సహా రాసింది. పక్కన 'గట్టుపాలెం' అని కూడా చేర్చింది.

రాసినదాన్ని కాస్త దూరంగా పెట్టి చూసుకుంది. తర్వాత కాగితం వెనక్కి తిప్పి యశస్విని ముందుకు జరిపింది.

"దీనవతల పక్క గీతలు గియ్యండమ్మా, వంకర పోకుండా. మధ్యాన్నం బువ్వ కాడ మావాళ్ళందరూ ఉంటారు. ఇంటికి పోయేటప్పుడు సచివాలయంలో నేనే ఇచ్చిపోతా."

"అందరూ పెడతారంటారా?"

"పెట్టేవాళ్ళు పెడతారు. మీరైతే పది గియ్యండి."

కింద నరేంద్ర కారు హారన్ కొట్టాడు. పుష్పవతి కొత్త దుప్పటి విదిలించి పక్కమీద పరవడం మొదలుపెట్టింది. యశస్విని స్కేలు కోసం అటూ ఇటూ చూసి, కనబడక, గదిలో పెట్టిన తిండి జాబితా అట్ట తెచ్చి కాగితం మీద ఆనించి, ఒకటో గీత గీసింది.